నలభై పౌన్ల నీళ్ళు

మత్తు వదలగానే లెస్యా అడిగింది పేగు గురించి కాదు, డబ్బా గురించి.

“నీళ్ళు నింపితే నలభై పౌన్లుంటుంది డాక్టరుగారూ. వీపుకి తగిలించుకుని నడవాలి. గురువారానికి ఎత్తుకోవచ్చా?”

డాక్టర్ సిగర్డ్‌సన్ మంచం అంచున కూర్చుంది. వినిపెగ్ నగరంలో పాతికేళ్ళుగా పేగుల జబ్బులే చూస్తున్న మనిషి. మెలకువ రాగానే రోగులు ఏమేం అడుగుతారో ఆమెకు కంఠతా వచ్చు. ఈ ప్రశ్న మాత్రం ఇదివరకు ఎవరూ అడగలేదు.

“ఏం డబ్బా?”

“ఐసు మీద చుక్కలు చల్లే డబ్బా. మా ఊరి కర్లింగ్ హాల్లో ఐసు చేసేది నేనేగా. శుక్రవారం నుంచి ఆడవాళ్ళ పోటీలు. పదహారు ఊళ్ళ జట్లొస్తున్నాయి.”

“చుక్కలు చల్లే మనిషా మీరు! మా అమ్మ ఆడేది కర్లింగు. ఐసు బాగోకపోతే ఇంటికొచ్చి నాన్న మీద విసుక్కునేది.” డాక్టరు నవ్వి, కోటు జేబులోంచి చిన్న గొట్టం ఒకటి తీసింది. వెండిరంగు తీగతో వలలాగా అల్లినది, పైన పల్చటి పొర. వేళ్ళ మధ్య నొక్కితే పెన్సిలంత సన్నమైంది. వదిలితే తొందరేమీ లేనట్టు మెల్లగా విచ్చుకుని బొటనవేలి కంటే లావైంది. “ఇలాంటిదే మీ లోపల పెట్టాం. పాత ఆపరేషన్‌లో కుట్టిన అతుకు దగ్గర పేగు రెండంగుళాల మేర బిగుసుకుపోయింది. బెలూనుతో రెండుసార్లు సాగదీశాం, రెండుసార్లూ నాలుగు నెలలకే మళ్ళీ మూసుకుంది. ఇదైతే ఒక్కసారి సాగదీసి ఊరుకోదు. అక్కడే ఉండి, నాలుగు వారాలపాటు తెరిచిపెట్టి ఉంచుతుంది.”

“ఆ తర్వాత?”

“తీసేస్తాను. ఈలోగా జారి దానంతటదే బయటికొచ్చేసినా కంగారు పడకండి, కొందరికి అలా అవుతుంది. రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. ముందు ద్రవాలు, ఆ తర్వాత మెత్తటి తిండి. వాంతులు పట్టుకున్నా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే వచ్చెయ్యండి.”

“మరి దీని తర్వాత కత్తి పడే పని ఉండదా?”

“ఆ మాట ఇవ్వలేను లెస్యా. కొందరికి ఏళ్ళ తరబడి తెరిచే ఉంటుంది. కొందరికి మళ్ళీ బిగుస్తుంది. కత్తికి ముందు ఈ ద్వారం తెరిచి చూద్దామనే ఇది.”

లెస్యాకు ఆ జవాబు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే మనిషి మాట నమ్మొచ్చు. “చెయ్యి ఊపొచ్చా?” అని అడిగింది.

“చెయ్యా?”

లెస్యా దుప్పటి మీద కుడిచేతిని అటూ ఇటూ ఊపి చూపించింది, మణికట్టు కదలకుండా, గడియారం లోలకంలాగా.

“ఊపుకోండి, ఎంతసేపైనా. బరువు మాత్రం వారం దాకా పది పౌన్లు దాటకూడదు.”

ఇదంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఒరెస్ట్ వింటున్నాడు. లెస్యా భర్త. ధాన్యం గోదాములో పనిచేసి పనిచేసి తలుపుకి సరిపోయేంత భుజాలు పెంచాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని అంచుని వేళ్ళతో చుట్టూ తిప్పుతున్నాడు. డాక్టరు వెళ్ళాక కూడా ఆ టోపీ అలా తిరుగుతూనే ఉంది.

పన్నెండు దాటాక ఫోను మోగింది. కర్లింగ్ క్లబ్బు అధ్యక్షుడు వసీల్ బారన్. డెబ్బై దాటినవాడు, కలీనా ఊరంతటికీ బాబాయే.

“ఎలా ఉన్నావే పిల్లా? అదేదో స్టెంటు వేశారటగా! గుండెకి వేస్తారని విన్నాను గానీ, పేగుక్కూడానా?”

“పేగుక్కూడా వేస్తారు బాబాయ్. బాగానే ఉన్నాను. రేపు వచ్చేస్తున్నాం.”

“రా, రా, వచ్చి విశ్రాంతి తీసుకో. ఐసు సంగతి నువ్వేం బెంగ పెట్టుకోకు. బ్రాండన్ నుంచి పెన్నర్‌ని పిలిపించాం. పోటీలు అయ్యేదాకా ఆయనే చూసుకుంటాడు.”

లెస్యా దిండు మీంచి లేచి కూర్చుంది.

“కమిటీ నిర్ణయం అమ్మాయ్. నీ ఆరోగ్యం కోసమే. ఊరికే ఉండలేనంటావా, వంటింట్లో పరాస్కా పిన్ని పక్కన ఓ కుర్చీ వేయిస్తా. క్యాబేజీ చుట్టలు చుడుదువుగాని, కూర్చుని చేసే పనేగా.”

“పదకొండు చలికాలాలుగా ఐసు చేస్తున్నా బాబాయ్,” అంది లెస్యా. గొంతు పెంచలేదు. “అంతకుముందు జిల్లా పోటీలు మన ఊరికి ఒక్కసారైనా వచ్చాయా? ఈసారి ఎందుకిచ్చారో, ఎవరి ఐసు చూసి ఇచ్చారో తెలుసుగా నీకు?”

“తెలుసమ్మా. తెలుసు.” ముసలాయన తొందరపడ్డాడు. “మరి ఉంటానేం.”

ఫోను పక్కన పెట్టి ఆమె భర్త వైపు చూసింది. “విన్నావా? అడగనైనా అడగలేదు. నన్ను తీసుకెళ్ళి క్యాబేజీ ఆకుల్లో కూర్చోబెడతాడట.”

“వసీల్ బాబాయి మంచికే చెప్పుంటాడులే,” అన్నాడు ఒరెస్ట్, కిటికీలోంచి కార్లు నిలిపే చోటు చూస్తూ. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, మంచు కప్పుకున్న కార్లు తప్ప.

*

బుధవారం తిరుగు ప్రయాణం నాలుగు గంటలు. ఆ దారిలో ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తాళంచెవి ఏ మేకుకి వేలాడుతుందో, ఎక్కడ అడగకుండానే ఇస్తారో, ఎక్కడ కాఫీ కొంటేగాని ఇవ్వరో వాళ్ళిద్దరికీ తెలుసు. ఒరెస్ట్ ప్రతి బంకు దగ్గరా బండి నెమ్మది చేసి ఆమె ముఖం చూసేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. మళ్ళీ వేగం అందుకునేవాడు.

నొప్పి డాక్టరు చెప్పినట్టే వచ్చింది, అలలు అలలుగా. అయితే ఇది పాత నొప్పి కాదు. పాత నొప్పి పిడికిలి బిగించినట్టు ఉండేది, లోపలికి, ఇంకా లోపలికి. ఇది ఎవరో లోపలి నుంచి మోచేతులతో నెట్టుకుంటూ చోటు చేసుకుంటున్నట్టుంది. మినెడోసా ఊరు దాటాక ఆమె సీటు వెనక్కి వాల్చుకుని, ఫ్లాస్కులోని కోడి చారు మూతలో పోసుకుని గుక్క గుక్కగా తాగింది. ఇంటికి చేరేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒరెస్ట్ ఆమె బూట్లు విప్పి దుప్పటి కప్పాడు. పగటి వెలుగు పోకముందే నిద్రపోయింది.

గురువారం ఉదయం ఆమెను లేపింది నిశ్శబ్దం.

కాసేపు అదేమిటో తెలియలేదు. హీటరు మామూలుగానే గాలి ఊదుతోంది. రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్ళింది. మరేం ఆగింది? అప్పుడు తట్టింది. పొట్ట మాట్లాడటం లేదు. ఆరేళ్ళుగా తెల్లారగానే కుడివైపు బొడ్డు కింద నీళ్ళు ఇరుకు సందులోంచి దూరే చప్పుడు ఒకటి మొదలయ్యేది. దాన్నిబట్టి ఆ రోజు ఏం తినొచ్చో, అసలు తినొచ్చో లేదో లెక్కవేసుకునేది. ఇవాళ ఆ చప్పుడు లేదు. పైనుంచి నొక్కి చూసుకుంది. కాస్త సలుపు, అంతే.

వంటింట్లోకి వెళ్ళి గుడ్డు ఉడకబెట్టుకుంది. తిని, గడియారం చూస్తూ కూర్చుంది. తిన్న నలభై నిమిషాలకు వచ్చేది నొప్పి, ఎప్పుడూ. నలభై అయింది. యాభై అయింది. ఫ్రిజ్ తలుపు తీసింది. ఆదివారం చేసిన పిరోహీలు, ఆలుగడ్డ ముద్ద కూరి కజ్జికాయల్లా మడిచినవి, గిన్నెలో ఉన్నాయి. రెండు వేడిచేసి, మీద వెన్న కరిగించి, ఒక్కో ముక్కా పసిపిల్లకి పెట్టేంత మెత్తగా నమిలి మింగింది. మళ్ళీ గడియారం. మళ్ళీ ఏమీ రాలేదు. మూడోది కూడా వేడిచేసుకుని తింటుండగా ఒరెస్ట్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడని గమనించింది. అతని గడ్డం కింద సబ్బు నురుగు అలాగే ఉంది.

“నాలుగోది కూడా తింటాను,” అంది.

“డాక్టరు మెల్లగా తినమంది.”

“మెల్లగానే తింటున్నా. పావుగంటకి ఒకటి.”

అతను నవ్వబోయి, అటు తిరిగి నురుగు తుడుచుకున్నాడు. గోదాముకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. “ఇవాళ హాలుకి వెళ్ళకేం. పడుకో.”

“సరేలే,” అంది లెస్యా. అరగంటలో కోటు వేసుకుని బయల్దేరింది.

*

కర్లింగ్ హాలు రేకుల షెడ్డు. లోపల పక్కపక్కనే నాలుగు బరులు, ఒక్కోటీ నూట యాభై అడుగుల ఐసు. ఈ చివర నుంచి గ్రానైటు రాయిని వదిలితే అది జారుకుంటూ పోయి, చివర్లో వంపు తిరిగి, అవతల గీసిన వలయాల్లో ఆగాలి. ఐసు అద్దంలా నున్నగా ఉంటే రాయి అంటుకుపోయి సగం దారిలోనే ఆగిపోతుంది. అందుకని ప్రతి ఆటకు ముందూ దాని మీద గోరువెచ్చని నీటి చుక్కలు చల్లాలి. పడ్డ చుక్క పడ్డచోటే గడ్డకట్టి గరుకుగా నిలుస్తుంది. రాయి ఆ గరుకు మీద తేలుతూ పోతుంది. చుక్క పెద్దదైతే రాయి తడబడుతుంది, చిన్నదైతే రెండు రాళ్ళు పోగానే అరిగిపోతుంది. చల్లే మనిషి వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపాలి. అడుగూ చెయ్యీ ఒక్క లయలో ఉండాలి. పదకొండేళ్ళలో కలీనాలో ఆ నడక లెస్యాది తప్ప ఇంకొకరిది లేదు.

ఇవాళ, ఆట చూసే అద్దాల గదిలో నిలబడి ఆమె ఇంకొకరి నడక చూసింది. పెన్నర్ అరవై ఏళ్ళ పొడుగు మనిషి. మడమలు లేని బూట్లు. ఐసు గీకే యంత్రాన్ని తోస్తుంటే అతని భుజాలు కదల్లేదు, నడుం మాత్రమే కదిలింది. తప్పు పట్టడానికి వచ్చిన లెస్యా వంక దొరక్క చిరాకు పడింది.

“వచ్చావా!” వంటింటి కిటికీలోంచి పరాస్కా పిన్ని కేక. ఎనభై దగ్గర పడ్డా గరిటె వదలని మనిషి. “రా పిల్లా, కూర్చో. ముఖానికి రక్తం పట్టిందేంటి, స్టెంటులో బీట్‌రూట్ పోశారా ఏం?”

లెస్యాకు కోపంలోనే నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చుంది. ఉడికించిన క్యాబేజీ ఆకులు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. ఆకు పరచడం, చెంచాడు అన్నం, మాంసం పెట్టడం, రెండు పక్కలా మడిచి చుట్టడం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

“ఒకటి తింటావా?”

“ఆకు వద్దు పిన్నీ, పీచు నాకింకా పడదు. లోపలి అన్నం పెట్టు.”

పిన్ని చుట్ట విప్పి, ఆకు తాను నోట్లో వేసుకుని, అన్నం ముద్ద ఆమె అరచేతిలో పెట్టింది. “చూశావా, ఇద్దరికీ చెరి సగం. పంపకం అంటే ఇదీ.”

అప్పుడు పెన్నర్ చేతులు తుడుచుకుంటూ కాఫీ కోసం కిటికీ దగ్గరికి వచ్చాడు. పరాస్కా పిన్ని గరిటెతో చూపించి, “ఇదుగో, మా ఐసమ్మాయి. మీరు నిలబడ్డ ఐసు దీనిదే,” అంది.

పెన్నర్ టోపీ తీశాడు. “మీరేనా లెస్యా గారు? నలభై ఏళ్ళుగా ఊరూరా తిరుగుతున్నానండీ. ఇంత చదునుగా పరిచిన ఐసు చిన్న ఊళ్ళో చూడటం ఇదే. నేను చేసిందేమీ లేదు, గీకాను, అంతే. కానీ మూడో బరి నాకు అంతు చిక్కడం లేదు. సగం దాటాక రాయి ఎడమకి లాగుతోంది. సమమట్టం పెట్టి చూశా. తేడా లేదు.”

లెస్యా ఆకు చుడుతూనే ఉంది. చెప్పకపోతే? రేపు మూడో బరి మీద రాళ్ళు ఎడమకి లాగుతాయి, పదహారు ఊళ్ళ ఆడవాళ్ళు గొణుక్కుంటారు, కమిటీకి తెలిసొస్తుంది. ఆలోచన తియ్యగానే ఉంది. కానీ ఆ గొణుగుడు ఏ ఐసు గురించి? తన ఐసు గురించేగా.

“సగం దాటాక ఆ బరి ఎడమ అంచు కింద పాత నీళ్ళ గొట్టం పోతుంది,” అంది చివరికి. “అక్కడ నేల చల్లదనం ఎక్కువ. చుక్క తొందరగా గడ్డకట్టి పొడుగ్గా నిలుస్తుంది. ఆ బరికి నీళ్ళు కాస్త వేడిగా ఉండాలి, ఆ పక్క చెయ్యి కాస్త తొందరగా ఆడాలి. నేను లోపల లెక్కపెట్టుకుంటాను. మిగతా చోట ఒక్క ఊపుకి రెండు దాకా లెక్కపెడితే అక్కడ ఒకటిన్నరే.”

పెన్నర్ తల ఊపాడు, చాలాసేపు. “ఇది పుస్తకాల్లో దొరికే మాట కాదు.” కాఫీ అందుకుని, కుర్చీ లాక్కున్నాడు. “మిమ్మల్ని ఇక్కడ చూస్తాననుకోలేదండీ. మీ ఆయన మొదట ఫోన్ చేసినప్పుడు, పొట్ట కోస్తున్నారు, ఆరు వారాలు లేవదు అన్నారు. సరే, అందుకే ఒప్పుకున్నా. సోమవారం మళ్ళీ చేసి, ఆపరేషన్ లేదు గానీ మీరు రండి, కమిటీకి నేను చెప్పుకుంటాను అన్నారు.”

లెస్యా చేతిలో ఆకు చిరిగింది.

“ఎవరు ఫోన్ చేశారు?”

“మీ వారేనండీ. ఒరెస్ట్ గారు.” పెన్నర్ ఆమె ముఖం చూసి కప్పు కింద పెట్టాడు. “నేను చెప్పకూడని మాటేమైనా చెప్పానా?”

“లేదండీ,” అంది లెస్యా. చిరిగిన ఆకు పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. దాన్ని పూర్తిగా చుట్టి, పళ్ళెంలో పేర్చి, చేతులు కడుక్కుని, కోటు వేసుకుంది.

గుమ్మంలో వసీల్ బారన్ ఎదురయ్యాడు. ఆమె కళ్ళు చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

“కమిటీ నిర్ణయమా బాబాయ్?”

“ఏం చెయ్యమంటావే!” ముసలాయన రెండు చేతులూ ఎత్తేశాడు. “వాడు వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. నువ్వు నన్ను తిట్టుకుంటే నాకు పోయేదేం లేదు, వారం పోతే మర్చిపోతావు. మొగుణ్ణి తిట్టుకుంటే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని నా మీద వేసుకున్నా.”

*

ఒరెస్ట్ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి లెస్యా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పొయ్యి మీద బీట్‌రూట్ చారు, బోర్ష్, వేడెక్కుతోంది. అతను బూట్లు విప్పుతూ వాసన పీల్చి, ఏదో అనబోయి, ఆమెను చూసి ఆగాడు.

“పెన్నర్‌తో మాట్లాడాను,” అంది.

అతను రెండో బూటు విప్పలేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, అలాగే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఆపరేషన్ అనుకున్నప్పుడు పిలిచావు, అది సరే. నాతో చెప్పకపోవడం సరి కాదు, అయినా సరే. సోమవారం ఎందుకు మళ్ళీ ఫోన్ చేశావు? నాకు స్టెంటు చాలని నీకు అప్పటికే తెలుసుగా?”

“తెలుసు.”

“మరి?”

అతను తన చేతులు చూసుకున్నాడు. “పోయిన ఫిబ్రవరిలో నీకు అన్నం తెచ్చాను చూడు, హాలుకి. నువ్వు రెండో బరి మీద పడుకుని ఉన్నావు. పక్కకి తిరిగి, మోకాళ్ళు గుండెకి దగ్గరగా పెట్టుకుని. డబ్బా ఇంకా వీపు మీదే ఉంది. ఏంటే అంటే, ఐసు మీద చెవి పెట్టి వింటున్నా, కింద పగులుందేమో అన్నావు.”

లెస్యాకు గుర్తుంది. అతను నమ్మాడనే అనుకుంది ఇన్నాళ్ళూ.

“నమ్మినట్టు ఊరుకున్నా,” అన్నాడు. “ఏం చెయ్యాలో తోచక ఊరుకున్నా. ఆ రోజు నుంచి నువ్వు డబ్బా ఎత్తుకున్న ప్రతి పూటా గోదాములో నా చేతులాడవు. ఫోను మోగితే గుండె ఆగుతుంది. నాకు భయంగా ఉంది లెస్యా. ఒక్క వారమైనా భయం లేకుండా ఉందామనుకున్నా. అంతే. పెద్ద తప్పే. తెలుసు.”

బోర్ష్ పొంగింది. ఆమె లేచి మంట తగ్గించింది. అతనికి వీపు పెట్టి గరిటె తిప్పుతూ నిలబడింది. ఎక్కువ కోపం వస్తుందనుకుంది. వచ్చినంత వచ్చింది, కానీ దానితోపాటు ఇంకేదో కూడా వచ్చింది. ఐసు మీద పడుకుని చెప్పిన ఆ అబద్ధాన్ని ఈ మనిషి ఏడాదిపాటు నోరెత్తకుండా మోశాడు.

“నేను అబద్ధం చెప్పాను, నువ్వూ చెప్పావు,” అంది ఇటు తిరగకుండానే. “చెల్లుకి చెల్లు. ఇక నుంచి నొప్పొస్తే నొప్పి అంటాను. నువ్వు భయమేస్తే భయం అను. కానీ ఒరెస్ట్, నా పని నా చేతిలోంచి లాక్కోకు. నీకు నిజంగా మొయ్యాలనుంటే నీళ్ళు మొయ్యి.”

“ఏం నీళ్ళు?”

“నలభై పౌన్ల నీళ్ళు. నేను వారం దాకా ఎత్తకూడదు. డబ్బా నీ వీపు మీద ఉంటుంది. గొట్టం చివర చిల్లుల బిళ్ళ నా చేతిలో ఉంటుంది. చెయ్యి ఊపొచ్చని డాక్టరు నీ ముందే చెప్పింది.”

ఒరెస్ట్ నోరు తెరుచుకుంది. నలభై తొమ్మిదేళ్ళ బతుకులో అతను ఒక్కసారీ కర్లింగ్ ఆడింది లేదు. ఐసు మీద వెనక్కి నడవడమా!

“నేను పడతాను.”

“పడితే లేస్తావు. ఆ రెండో బూటు విప్పి తిను ముందు. తిని హాలుకి పోదాం.”

*

పెన్నర్‌కి చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. అతను చివరిదాకా విని, “మొదటి రెండు బరులూ నేను, చివరి రెండూ మీరు. మూడోదాని ఒకటిన్నర లెక్క నాకెలాగూ రాదు,” అన్నాడు. వసీల్ బారన్ మాత్రం ఒరెస్ట్ వీపు మీద డబ్బా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం రెండు గంటలపాటు నాలుగో బరి మీద సాధన చేశారు. మొదటిసారి ఒరెస్ట్ ముందు నడిచేశాడు, గొట్టం సాగి ఆమె చెయ్యి లాగేసింది. రెండోసారి వెనకపడ్డాడు, గొట్టం నేలకు తగిలి ఐసు మీద పాము పాకినట్టు గీత పడింది. మూడోసారి అతనే పడ్డాడు, నిలువునా కూర్చున్నట్టు. డబ్బాలోని నీళ్ళు మెడలోకి ఒలికి “అమ్మో!” అని పెట్టిన కేకకి రేకులు మోగాయి.

“గోదాములో బస్తా ఇలాగే దించుతావా ఒరెస్ట్?” వంటింటి కిటికీలోంచి పరాస్కా పిన్ని. “పెళ్ళిలో కూడా ఇలాగే నడిచాడు వీడు. పెళ్ళికూతురు ఒక దిక్కు, వీడొక దిక్కు!”

“నా కాళ్ళు చూడకు,” అంది లెస్యా. “అడుగులు చెప్పుకో. ఒకటి, రెండు. నా చెయ్యి కుడికొస్తే నీ ఎడమ కాలు. పైకి చెప్పు.”

“ఒకటి. రెండు. ఒకటి. రెండు.” ధాన్యం తూకం వేసే గొంతుతో చెప్పుకుంటూ నడిచాడు. అయిదోసారికి తడబడలేదు. ఏడోసారికి పైకి లెక్కపెట్టడం మానేశాడు. గొట్టం ఇద్దరి మధ్యా వదులుగా, కొంచెం వాలి, అటూ ఇటూ ఊగింది. చుక్కలు సన్నటి చిటపటతో ఐసు మీద పడ్డాయి. ఆ చప్పుడు వినగానే లెస్యాకు తెలిసిపోయింది, సరిగ్గా పడుతున్నాయని. ఎనిమిదోసారికి ఆమె, “పొట్టలో సలుపుతోంది. ఇవాళ్టికి చాలు,” అంది. ఆ మాట నోటి వెంట వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఒరెస్ట్ ఏమీ అనలేదు, డబ్బా దించి కుర్చీ తెచ్చాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి మొదటి ఆట. ఎనిమిదిన్నరకి హాలు నిండిపోయింది. రంగురంగుల చొక్కాలు, రాయి ముందు ఐసు తుడిచే చీపుర్లు, కాఫీ వాసన. పెన్నర్ తన రెండు బరులూ ముగించి పక్కకి తప్పుకున్నాడు. లెస్యా ఒరెస్ట్ వీపు మీద డబ్బా పట్టీలు బిగించి, మోచేత్తో పొడిచింది. “పద.”

మూడో బరి. ఇద్దరూ వెనక్కి నడిచారు. అద్దాల వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో వాళ్ళని గద్దించారు. సగం దాటగానే ఎడమ పక్కన ఆమె చెయ్యి తొందరపడింది. అతనికి ముందే చెప్పకపోయినా అతని అడుగు మారలేదు. అక్కడ చెయ్యి వేరు, కాళ్ళు అవే. నాలుగో బరి చివరికి వచ్చేసరికి ఒరెస్ట్ ఒక్క క్షణం ఆగాడు, వెనక గోడ ఉందేమోనని. ఆమె బిళ్ళని వెంటనే పైకెత్తి అరచెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత వంగి అక్కడి ఐసుని చూసింది. ఐసు గీకే చిన్న బ్లేడుతో ఒక్క గీటు గీసి, లేచింది. “అయింది.”

జట్లు బరుల్లోకి దిగాయి. గంట మోగింది. మొదటి రాయి, స్వాన్ రివర్ నుంచి వచ్చిన ఓ పొడుగాటి అమ్మాయిది, మూడో బరి మీద బయల్దేరింది. సగం దాటింది. ఎడమకి లాగలేదు. చివర్లో ఎంత వంగాలో అంతే వంగి, వలయాల మధ్య నిద్రలోకి జారినట్టు ఆగింది. ఆ జట్టు నాయకురాలు తల ఊపి తర్వాతి రాయికి చీపురుతో గురి చూపించింది. ఎవరూ కిందికి చూడలేదు.

“ఐసు గురించి ఒక్కరూ మాట్లాడటం లేదండీ,” అన్నాడు పెన్నర్, లెస్యా పక్కన నిలబడి. ఆ వృత్తిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఆమెకు తెలుసు. వెచ్చగా ఏదో ఒళ్ళంతా పాకింది. నాలుగు వారాల తర్వాత పేగులోని ఆ తీగ గొట్టం తీశాక ద్వారం తెరిచే ఉంటుందో, మూసుకుంటుందో సిగర్డ్‌సన్‌కే తెలియదు. తెలిసినప్పుడు తెలుస్తుంది. ఇవాళ రాళ్ళు బాగా పోతున్నాయి.

ఒరెస్ట్ మాత్రం ఆట చూడటం లేదు. వీపు తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని, అద్దానికి ముక్కు ఆనించి నాలుగో బరి చివర్నే చూస్తున్నాడు.

“ఏంటి?” అంది లెస్యా.

“నేను ఆగానే, అక్కడ. పెద్ద చుక్క పడిందేమో. రాయి తగిలితే?”

“గీకేశానుగా.”

“పూర్తిగా గీకావా? నాకు ఇక్కణ్ణుంచి ఏదో మెరుస్తున్నట్టుంది.”

లెస్యా అతని ముఖం చూసింది. ఇన్నేళ్ళూ ఆమె పళ్ళెం వైపు, ఆమె పొట్ట వైపు, ఆమె మూసిన తలుపుల వైపు తిరిగి ఉండే చూపు అది. అదే నుదుటి ముడత, అదే బిగబట్టిన ఊపిరి. అంతా కలిసి ఇప్పుడు అరచెయ్యంత ఐసు ముక్క మీద నిలబడింది. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

నాలుగో బరి మీద రాయి ఒకటి వచ్చింది. ఆ చోటు మీదుగా, ఏమీ లేనట్టే సాగిపోయింది. ఒరెస్ట్ వదిలిన ఊపిరికి అద్దం మసకేసింది. చేత్తో తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

“మళ్ళీ ఎన్నింటికి?”

“రెండింటికి.”

“అయితే ఒంటిగంటకే నీళ్ళు కాయాలి,” అని ఖాళీ డబ్బా భుజానికి తగిలించుకుని, ఐసు అంచు వెంబడే జాగ్రత్తగా, చిన్న చిన్న అడుగులేసుకుంటూ పంపు గది వైపు వెళ్ళాడు.